రెండు సెలవులు, రెండు పుటలు
(మన సంఘము సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంక్రాంతి సభలో నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను వెంటనే ఒప్పుకొనలేదు. నేను పండితుడను కాను, కవిని కాను. ముప్పది యేడేండ్లు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో ఫైళ్లమీద నోట్లు వ్రాసి పదవీ విరమణ చేసినవాడను. అయినను మన సంఘపు సంచికకు కొన్ని సంవత్సరములు సంపాదకుడనుగా ఉంటిని. కావున వ్రాతను గురించియు, పండుగలను గురించియు, మన వేరువేరు ప్రాంతములవారి మనస్సులను గురించియు నాకు అనుభవమైన ఒకటి రెండు విషయములు చెప్పవచ్చునని ధైర్యము తెచ్చుకొంటిని. అందులో ఒకటి నేను చేసిన తప్పును గురించినది. సందర్భము వచ్చినప్పుడు దానిని దాచక చెప్పెదను.

మొదట మనకందరకు కంఠస్థమైన విషయముతో ఆరంభించెదను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములకు సంవత్సరమునకు 17 సామాన్య సెలవులు కలవు. అవి గాక, వేరొక పెద్ద పట్టికనుండి ప్రతి ఉద్యోగియు తన యిష్టము వచ్చిన 2 దినములను ఎన్నుకొనవచ్చును. నియమావళిలో దానికి ఏ పేరున్నను మన నోట అది 'ఆర్.హెచ్.' మాత్రమే. ఆ పట్టికను మీరెప్పుడైనను శ్రద్ధతో చదివితిరా? ఓణము, పొంగలి, మకర సంక్రాంతి, ఉగాది, వైశాఖి, రథయాత్ర! ఈ దేశమున ఎవరి యింట ఏనాడు పొయ్యిమీదికి పెద్ద గిన్నె ఎక్కునో ఆ కాగితము చెప్పును. నేను కొంతకాలము సెలవు దరఖాస్తులు చూచు బల్లవద్ద పనిచేసితిని. మనిషి ఊరేదని అడుగనక్కరలేకపోయెడిది. అతడు కోరిన రెండు దినములను చూచిన చాలును.

ఒకసారి మన తెలుగు సోదరి ఒకామె 'మహాష్టమి'కి సెలవు కోరెను. పై అధికారి బెంగాలీ. ఆమెకు దుర్గాపూజపై ఇంత భక్తి కలదాయని ఆయన ఎంతో సంతోషించి సంతకము చేసెను. నిజమునకు ఆమె యింట ఆనాడు సద్దుల బతుకమ్మ. నాటి పట్టికలో బతుకమ్మ పేరు లేదు గనుక, దుర్గాష్టమి పేరు క్రింద ఆమె తన పండుగను ఇంటికి తీసికొనిపోయెను. అప్పుడు మేమందరము నవ్వుకొంటిమి. తరువాత ఆలోచించిన కొలది నాకు నవ్వు తగ్గినది. మన పండుగను మన పేరుతో చెప్పుకొనుటకు చోటు లేక, వేరొక పేరుతో చెప్పుకొనుట తేలికయైన విషయమా?

ఢిల్లీలో భోగి యెట్లుండునో ఇచటివారికి వర్ణింపనక్కరలేదు. పొగమంచులో ఎదుటి క్వార్టరు కనబడదు. జనవరి 13వ తేదీ సాయంకాలము పంజాబీ సోదరులు లోహ్రీ మంట వేసి వేరుసెనగలు, మొక్కజొన్న పేలాలు, నువ్వుల రేవ్డీలు పంచెదరు. భోగి 14వ తేదీన వచ్చిన యేడు, అదే మైదానమున, ఆ బూడిద పూర్తిగా చల్లారకమునుపే, వేకువజామున మనవారు భోగిమంట వేసిన సందర్భములు కలవు. మా క్రింది అంతస్తులోని అస్సామీ మిత్రుడు వచ్చి, తమ వైపు మాఘమాసపు బిహునాడు తెల్లవారుజామున 'మేజి' అను మంట వేసెదరనియు, ఆ పండుగకు 'భోగాలి బిహు' అని పేరనియు చెప్పి, మాతోపాటు చేతులు కాచుకొనెను. మరాఠీవారు నువ్వుల ఉండ చేతిలో పెట్టి తీయగా మాటాడుమందురు. కన్నడమువారు నువ్వులును బెల్లమును ఇంటింటికి పంచెదరు. గుజరాతీలు గాలిపటములెగురవేసెదరు. సూర్యుడొక్కడే అయినను ఆయనకు స్వాగతము చెప్పు తీరు ఒక్కొక్క యింట ఒక్కొక్కటి.

ఈ భేదమును పొరుగు రాష్ట్రములవారిలో చూచి మనము మురిసెదము. అదియే భారతదేశపు అందమని సభలలో చెప్పెదము. కాని అదే భేదము మన తెలుగువారిలోనే కనబడినప్పుడు మనకేల కొంచెము ఇబ్బందిగా ఉండును? 'అది సరియైన మాట కాదు', 'మా వైపు అట్లు చేయరు' అని ఏల తొందరపడెదము? ఈ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము.

ఒక వంటకమును తీసికొనుడు. ఉడికించిన సెనగపప్పును బెల్లముతో కలిపి రుబ్బి, ఆ పూర్ణమును పిండిలో పెట్టి వత్తి, పెనముమీద నేతితో కాల్చునది. కృష్ణా గోదావరీ మండలములలో అది బొబ్బట్టు. అనంతపురమువైపు ఓళిగ, కన్నడమువారి హోళిగెకు అది తోబుట్టువు. కర్నూలువైపును, తెలంగాణమున పలుచోట్లను భక్ష్యము, వాడుకలో బచ్చము. తెలంగాణములోనే మరికొన్ని యిండ్లలో అది పోలె. మరాఠీవారి పోళికి చుట్టము. పేరు చెప్పిన చాలును, ఆ యింటివారికి తరతరాలుగా పొరుగువారెవరో తెలిసిపోవును. వీనిలో ఏది సరియైన తెలుగు? అన్నియు సరియైన తెలుగే. ఏ యొక్కదానిని చెరిపివేసినను ఒక పొరుగు చరిత్రను చెరిపివేసినట్లే.

సంక్రాంతినే చూడుడు. మా కోనసీమలో ధనుర్మాసమంతయు ముగ్గులలో గొబ్బెమ్మలు పెట్టి, వానిపై గుమ్మడిపూలు గ్రుచ్చెదరు. ఆ గొబ్బెమ్మలనే పిడకలు చేసి ఎండబెట్టి దాచి, రథసప్తమినాడు వానిమీద పరమాన్నము వండెదరు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కూడును. భుజములమీద ప్రభను మోయుచు కౌశికను దాటి వచ్చువారిని చూచుటకు జనము ఒడ్డులనిండ నిలిచియుందురు. ఉత్తరాంధ్రమున సంక్రాంతి పెద్దల పండుగ. గతించినవారి పేర క్రొత్తబట్టలు పెట్టి తలచుకొందురు. చిత్తూరువైపు కనుమ పశువుల పండుగ. కొమ్ములకు రంగులు పూసి, పొంగలి వండి పశువులకు పెట్టెదరు. తెలంగాణమున సకినముల పండుగ. హైదరాబాదు మిద్దెలమీద గాలిపటముల పండుగ. ఇక గతించిన పెద్దలను తలచుకొను దినము తెలంగాణమున భాద్రపద అమావాస్య, అనగా పెత్రమాస. ఆనాటి సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలగును. ఒకచోట సంక్రాంతినాడు చేసిన పనిని వేరొకచోట పెత్రమాసనాడు చేయుచున్నారు. ఋణము ఒక్కటే, తీర్చు దినము వేరు.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను.

1993 ప్రాంతమున నేను మన సంచికకు సంపాదకుడనుగా ఉన్నప్పుడు, వేరొక మంత్రిత్వశాఖలో గుమాస్తాగా ఉన్న ఒక యువకుడు 'మా ఇంటి పండుగలు' అను నాలుగు పుటల వ్యాసము తెచ్చి ఇచ్చెను. ఆయనది కరీంనగరు జిల్లాలోని ఒక పల్లె. అప్పటికి కొన్ని నెలల క్రిందటనే వారి యింట ఒక మరణము జరిగినదని వినియుంటిని గాని ఎవరు పోయిరో నేనడుగలేదు. వ్యాసము బాగుండెను. కాని నా కంటికి అందులో తప్పులు కనబడెను. ఎఱ్ఱసిరా కలము తీసికొంటిని. 'బతుకమ్మ'ను 'బ్రతుకమ్మ' చేసితిని. 'పెత్రమాస'ను కొట్టివేసి 'మహాలయ అమావాస్య' అని వ్రాసితిని. 'సకినాలు' అనునది 'చక్కిలములు'కు గ్రామ్య రూపమనుకొని దానిని దిద్దితిని. 'సద్దులు' అను మాట చూచి, చద్దన్నమును పండుగనాడు ఎవరు వండెదరని నాలో నవ్వుకొని, 'చిత్రాన్నములు' అని మార్చితిని.

ఆ దిద్దుబాట్లన్నియు ఎంత అజ్ఞానముతో చేసినవో తరువాత తెలిసినది. సకినము చక్కిలము కాదు. చక్కిలమునకు గొట్టము కావలెను. సకినమునకు చేయి కావలెను. బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, పరచిన గుడ్డమీద వ్రేళ్లతో పిండిని మెలిపెట్టుచు, చుట్టుమీద చుట్టుగా త్రిప్పి, కొంత ఆరిన పిదప నూనెలో వేయించెదరు. ఒక్కరితో అగు పని కాదు. వాడలోని ఆడువారందరు గుడ్డచుట్టు కూర్చుండవలెను. ఇక సద్దులనగా బతుకమ్మ చివరినాడు చెరువుగట్టుకు తీసికొనిపోయి అందరు పంచుకొని తిను అన్నములు; పెరుగుతో, చింతపండుతో, నువ్వులతో, కొబ్బరితో కలిపినవి. మా వైపు చద్దియు, వారి వైపు సద్దియు ఒక తల్లి బిడ్డలే గాని, ఒకరు చల్లని అన్నముగా మిగిలిరి, ఒకరు పండుగ అన్నముగా ఎదిగిరి.

వీనినన్నింటిని మించినది మరియొకటి కలదు. ఆ వ్యాసము నిండ 'మా అవ్వ' అని ఉండెను. మా అవ్వ పిండి కలిపెను, మా అవ్వ తంగేడు పూలు ఏరుకొని వచ్చెను, మా అవ్వ చుట్టిన సకినము ఎక్కడను విరుగదు, అని. కోనసీమలో అవ్వయనగా ముసలమ్మ. ప్రూఫులు చూచుచున్న కడప మిత్రుని అడిగితిని. 'మా సీమలో అవ్వ అంటే తాత భార్యనే గదా!' అని ఆయన యనెను. ఇద్దరి మాటయు కలిసినది గనుక నాకిక సందేహము లేకపోయినది. సంచికలో స్పష్టముగా ఉండుటకై, 'అవ్వ' అన్న ప్రతిచోటను 'నాయనమ్మ' అని మార్చి అచ్చువేయించితిని.

సంచిక వెలువడిన వారమునకు ఆ యువకుడు మా కార్యాలయమునకు వచ్చెను. కోపము లేదు. పుట తెరచి నా బల్లమీద పెట్టి, 'సార్, మా అవ్వను మీరు నాయనమ్మను చేసిండ్రు' అని మాత్రమనెను. వారి వైపు అవ్వయనగా తల్లి. ఆ యేడు గతించినది ఆయన తల్లి. ఆమె లేని మొదటి సంవత్సరమున ఆమెను తలచుకొనుచు ఆయన వ్రాసిన వ్యాసమది. ఆ తల్లి పేరు అచ్చులో రావలసిన ఒకే ఒక చోట నేను ఆమెను లేకుండ చేసితిని. నేను ఏవో క్షమాపణలు చెప్పితిని. 'ఏం కాదు సార్' అని లేచిపోయెను. ఆ తరువాత అనేక సంవత్సరములు ఆయన మన సభలకు వచ్చెను, కుర్చీలు సర్దెను, చందాలు వసూలు చేసెను. కాని ఒక్క పంక్తియు వ్రాయలేదు.

మిత్రులారా, ప్రాంతీయ మనోభావమని మనము పెద్ద మాట వాడుచుందుము. అది రాజకీయ సభలలో పుట్టునని తలచెదము. నాకు తెలిసినంతలో అది ఇట్టి చిన్న చోట్ల పుట్టును. మన మాటను చూచి ఒకరు నవ్వినప్పుడు పుట్టును. మన మాటను మేలు చేయుటకే మార్చినప్పుడు ఇంకను లోతుగా నాటుకొనును.

దీనికి సమాధానమేమి? మన పెద్దలలో కొందరు మంచి దారి చూపిరి. తెలంగాణమున కవులు లేరన్న మాట ఒకప్పుడు వినబడినప్పుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగి ఊరుకొనలేదు. 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించి, 354 మంది కవులను లోకము ముందు నిలిపిరి. లేరన్నవారికి ఉన్నవారిని చూపుటకంటె గొప్ప సమాధానము కలదా? ఆ మహనీయుడే తరువాత 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసి, 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము తెచ్చెను. ఆ గ్రంథము ముఖ్యముగా రాజుల యుద్ధములను గురించినది కాదు; ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పండుగలు చేసిరి అనునది. పూర్వకవులు తమ కావ్యములలో ఆ చిన్నచిన్న సంగతులు వ్రాసి ఉంచిరి గనుకనే ఆయనకు ఆ చరిత్ర దొరకినది.

అట్లే 1928లో నంద్యాల సభలలో 'దత్తమండలములు' అను పేరు మాకు వలదని, 'రాయలసీమ' అను పేరును ఆ ప్రాంతమువారు స్వీకరించిరి. ఒకరు మరియొకరికి ఇచ్చివేసిన భూమి యను అర్థము ఆ పాతపేరులో ఉండెను. పేరులోని బాధ అనుభవించువారికే తెలియును. ఇక భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన 'మాండలిక వృత్తిపదకోశము' మొదటి సంపుటమును మీలో కొందరు చూచియుందురు. నాగలి భాగములకు, పనిముట్లకు, పంట పనులకు జిల్లా జిల్లాలోను రైతులు వాడు మాటలను సేకరించి ప్రక్కప్రక్కన ఉంచిరి. ఈ మాట ఒప్పు, ఆ మాట తప్పు అని తీర్పు చెప్పలేదు. ఏ మాట ఎక్కడ బ్రతికియున్నదో చెప్పిరి. సంపాదకుడనుగా నేను చేయవలసినది అదియే. 'సకినాలు' అని ఉంచి, క్రింద ఒక పంక్తిలో అవియేమో చెప్పియున్న, కోనసీమ పాఠకుడు ఒక క్రొత్త మాట నేర్చుకొనెడివాడు. 'అవ్వ' అనగా ఎవరని వ్రాసినవానినే ఒక్కమాట అడిగియున్న, ఈనాడు ఈ కథ చెప్పవలసిన అవసరము లేకపోయెడిది.

ప్రతి సంవత్సరము ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా మనమును జరుపుకొనుచున్నాము. వాడుక భాషకై పోరాడి, సవరల భాషను సవరల నోటనే నేర్చుకొని, వారి కొరకు పుస్తకములు వ్రాసిన మనీషి ఆయన. ఆయన చిత్రమునకు దండ వేసిన చేతులతోనే నేను ఆ వ్యాసమును దిద్దితిని. ఇప్పుడు నేను మీతో మాటాడుచున్న ఈ భాషయైనను బడిలో నాకు నేర్పిన వ్రాతభాష. సభ యనగనే నా నోట ఇదియే వచ్చును. మా అమ్మ తన జీవితములో ఈ భాషలో ఒక్క మాటయు ఆడలేదు. వృద్ధాప్యమున నా అలవాటు మారదు గాని, మీరైనను ఈ అలవాటును మీ వ్రాతకు అడ్డురానీయకుడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. 1956 నవంబరు 1న ఒక్కటైన తెలుగువారు 2014 జూన్ 2న రెండు రాష్ట్రములైరి. ఊరుగాని ఊరిలో మిగిలిన మన చిన్న సంఘము ఒక్కటిగా నిలువవలెనన్నచో, భేదములను తక్కువగా చెప్పుకొనుట మేలు గదాయని కొందరు మిత్రులు నాతో అనిరి. వారి భయము నాకర్థమైనది. కాని భేదమును చెప్పుకొనుటవలన సంఘములు చీలవు, చెప్పుకొననీయకపోవుటవలన చీలును. 2014లో బతుకమ్మ, బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగలుగా ప్రకటింపబడినప్పుడు మన సంఘములోని కోస్తా సోదరీమణులు బతుకమ్మ పేర్చుట నేర్చుకొనిరి. ఢిల్లీలో తంగేడు దొరకలేదు, గునుగు దొరకలేదు. పూలబజారునుండి బంతిని, చేమంతిని తెచ్చి పేర్చిరి. అట్లతద్దెనాడు తెలంగాణ సోదరీమణులు మన యిండ్లకు వచ్చి అట్లు తినిరి. ఎవరి పండుగ పేరు వారికుండుటచేతనే ఒకరినొకరు పిలుచుకొనుటకు వీలాయెను.

మన ప్రభుత్వమే ఇందుకు దృష్టాంతము. స్వాతంత్ర్యానంతరము దేశములో ఎన్నో పంచాంగములు వాడుకలో ఉండెను. 1952లో మేఘనాథ సాహాగారి అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘమును నియమించిరి. దాని ఫలితముగా 1957 మార్చి 22ను శక సంవత్సరము 1879 చైత్రము 1వ తేదీగా లెక్కించి జాతీయ పంచాంగమును అమలులోనికి తెచ్చిరి. భారత గెజిట్టుమీద ఆ తేదీ ఈనాటికిని అచ్చగుచున్నది. మనమెందరమో ఆ గెజిట్టులను త్రిప్పినవారమే. కాని ఆ పంచాంగము వచ్చినదని ఏ యింటివారును తమ పండుగను వేరొక దినమునకు మార్చుకొనలేదు. మార్చుకొనుమని ప్రభుత్వమును అడుగలేదు. కార్యాలయమునకు ఒక పంచాంగము, పెరటికి ఒక పంచాంగము. రెండును కలిసి నడచుచునే ఉన్నవి. భాషయును అట్లే నడువవచ్చును.

ఇక వ్రాత సంకల్పముల మాట. నావంటివారికి ప్రతి జనవరిలోను ఒక సంకల్పము పుట్టును. కార్యాలయమునుండి క్రొత్త డైరీ వచ్చును. ఈ యేడు దినమునకొక పుట వ్రాయవలెనని మొదటి పుటలో చక్కని చేవ్రాలుతో మొదలుపెట్టెదము. నా డైరీలలో ఏదియు జనవరి 12వ తేదీని దాటలేదు. భోగినాటికి సంకల్పము మంటలో పడెడిది! తరువాతి పుటలలో పాలవాని లెక్కయు, చాకలి పద్దును. అతిపెద్ద సంకల్పమే నన్ను వ్రాయనీయకుండ చేసెనని ఇప్పుడు తోచుచున్నది.

దాని ఫలితము అనుభవించితిని. మా అమ్మ పోయిన రెండవ యేట సంక్రాంతికి మా అమ్మాయి ఫోను చేసి, 'నాన్నా, బామ్మ భోగిపళ్లలో ఏమేమి కలిపేది? పెద్ద గొబ్బెమ్మ చుట్టూ చిన్నవి ఎన్ని పెట్టేది?' అని యడిగెను. రేగుపళ్లు, చిల్లర నాణెములు, చెరకు ముక్కలు అని చెప్పి ఆగిపోతిని. ఇంకేదియో ఉండెను. ఏబది యేండ్లు కన్నులార చూచితిని, చెప్పలేకపోతిని. ఇతరుల వ్రాతను అన్ని యేండ్లు దిద్దితిని గాని, నా తల్లిని గురించి ఒక్క పుట వ్రాసికొనలేదు. కరీంనగరు మిత్రుని తల్లిని నేను మార్చితిని. నా తల్లిని మరచితిని. ఏది పెద్ద తప్పో నాకిప్పటికిని తెలియదు.

కావున మీ ముందు ఒక చిన్న సంకల్పమును ఉంచుచున్నాను. దినమునకొక పుట వలదు. సంవత్సరమునకు రెండు పుటలు చాలును. మీరు 'ఆర్.హెచ్.' తీసికొన్న రెండు పండుగల రాత్రులలో, నిద్రకు ముందు, ఒక్కొక్క పుట. సెలవు మంజూరైన దినమున ఈ బాధ్యతయు మంజూరైనదని భావింపుడు. పదియేండ్లలో ఇరువది పుటలగును. మన సంఘములో నూరు కుటుంబములు వ్రాసిన రెండువేల పుటలు. ఏ పండితుడును ఒంటరిగా వ్రాయలేని గ్రంథమది.

ఏమి వ్రాయవలెను? పురాణకథ వలదు, ఉత్తరాయణ మహిమ పంచాంగములో కలదు. మీ యింట ఏమి జరిగెనో వ్రాయుడు. మొదట ఎవరు లేచిరి? పొయ్యిమీద మొదట ఏమి పెట్టిరి? ఎన్ని గిద్దెలు, ఎన్ని సోలలు? మీ ఊరిలో చేయునది ఇచట ఏది మానితిరి, దానికి బదులు ఏది చేర్చితిరి? పేలాలపిండికి బదులు పొరుగింటి రేవ్డీ వచ్చినదా? అదియు వ్రాయుడు, అదియు ఇప్పుడు మన పండుగయే.

రెండవది, ఇంటి మాటనే వ్రాయుడు. పుస్తకములో ఎట్లుండునో యని వెదకకుడు. ఇతరులకు తెలియదని తోచినచో ప్రక్కన అర్థము వ్రాయుడు. మాటను మాత్రము మార్చకుడు. మూడవది, పెద్దవారిని ఇప్పుడే అడుగుడు. ఫోనులో వారి గొంతు పట్టి ఉంచుకొనుట మంచిదే గాని, అట్లు దాచినవానిని మరల వినుటకు తీరిక దొరకదు. విని ఒక పుట వ్రాసినప్పుడే అది మన చేతికి వచ్చును. నాలుగవది, సోదరీమణులకు నా ప్రత్యేక ప్రార్థన. పండుగ మీ చేతిలో ఉన్నది. కలము మాత్రము ఇన్నాళ్లు మేము పట్టుకొంటిమి. పిండి ఎంత బిగువుగా కలుపవలెనో ఎరుగని మేమే పండుగ వ్యాసములు వ్రాసితిమి. ఇకమీదట మీరు వ్రాయుడు, మేము పిండి కలిపెదము.

సంచిక సంపాదకులకు ఒక్క మాట. అక్షర దోషములను దిద్దుడు. వాక్యము అర్థము కాకున్న వ్రాసినవారిని పిలిచి అడుగుడు. కాని తెలియని మాట కనబడినప్పుడు ఎఱ్ఱసిరా కలము క్రింద పెట్టి ఫోను చేతిలోనికి తీసికొనుడు. అడుగుటకు ఒక నిమిషము పట్టును. అడుగకపోవుటకు నాకు ఎన్ని సంవత్సరములు పట్టెనో మీరు వింటిరి.

ఈ సభకు ఒప్పుకొనిన పిమ్మట, కరీంనగరులో స్థిరపడిన ఆ మిత్రునికి ఉత్తరము వ్రాసితిని. నా తప్పు ఒప్పుకొని, ఆయన వ్రాసిన మొదటి ప్రతి మిగిలియున్నచో ఈ సంచికలో వ్రాసినది వ్రాసినట్లుగా అచ్చువేసెదమని అడిగితిని. పది దినములలో ప్రతియు, దానితో రెండు పంక్తుల ఉత్తరమును వచ్చెను. 'సార్, కాయితం పాతదైంది గని అక్షరాలు కనబడుతున్నయి. అచ్చెయ్యుండ్రి. అవ్వను మాత్రం అవ్వ లెక్కనే ఉంచుండ్రి.'

ఆ వ్యాసము ఈ సంచికలోనే ఉన్నది. ఈసారి దానిమీద నా కలము పడలేదు. మీరందరు చదువుడు. చదివి, రాబోవు ఉగాది రాత్రి మీ మొదటి పుట వ్రాయుడు.

మీకందరకు సంక్రాంతి శుభాకాంక్షలు. ఇక సెలవు.